లెక్కల పుస్తకము విడిచి వైద్యశాస్త్రమునకు

ఏటా వేసవిలో పరీక్షా ఫలితములు వెలువడిన నాటి నుండి నా వైద్యశాలకు రోగులతో పాటు మరొక తరగతి వారును వచ్చుచుందురు. వారికి జ్వరము లేదు, నొప్పి లేదు. వెంట ఇరువది ఏండ్ల బిడ్డ ఉండును. "మావాడు కామర్సు చదివాడండి. ఇప్పుడు వైద్యం చదువుతానని పట్టుబట్టాడు. మీరైనా చెప్పండి" అని తండ్రి అనును. చెప్పవలసినది 'సరే' అనియా, 'వద్దు' అనియా అనునది మాత్రము ఆయన బయటపెట్టడు. బిడ్డ నేల చూపులు చూచుచు కూర్చుండును. ఇటీవలి సంవత్సరములలో ఈ రాకపోకలు హెచ్చినవి గనుక, విడివిడిగా చెప్పిన మాటలను ఒకచోట వ్రాయుట మంచిదని తోచినది.

నా అభిప్రాయమును ముందే చెప్పెదను. వాణిజ్యశాస్త్రము చదివినవాడు వైద్యుడు కావచ్చును. వయస్సును, మధ్యలో పోయిన రెండు మూడేండ్లను చూచి తల్లిదండ్రులు భయపడుదురు గాని నాకు వాటి భయము లేదు. లెక్కల పుస్తకము నుండి అతడు ఏమి వెంట తెచ్చుకొనునో, ఏమి అక్కడనే విడిచి రాగలడో, ఆ రెంటిని బట్టి అతని వైద్యము ఉండును.

శాస్త్రము ఈ విషయమున మనకంటె ఉదారముగా ఉన్నది. చరకసంహిత సూత్రస్థానము చివరి అధ్యాయమున ఆయుర్వేదమును ఎవరు ఎందులకు చదువవలెనో చెప్పబడినది. ప్రాణులయందలి దయచేత బ్రాహ్మణులు, ఆత్మరక్షణకు క్షత్రియులు, జీవనవృత్తికై వైశ్యులు చదువవలెననియు, సామాన్యముగా ధర్మార్థకామములకై అందరును చదువవచ్చుననియు అచటి భావము. బ్రతుకుతెరువుకై వైద్యము నేర్చుటను చరకుడు తప్పుగా నెంచలేదని గమనింపవలెను. ఆయన తీవ్రముగా నిందించినది చికిత్సను అంగడి సరకు వలె అమ్ముకొనుటను. ఆ మాట చికిత్సాస్థానమున రసాయనాధ్యాయము చివర కనబడును. విమానస్థానము ఎనిమిదవ అధ్యాయమున శిష్యుని పరీక్షించు విధానము కలదు. శాంతము, జ్ఞాపకశక్తి, లోభము లేకుండుట, సర్వభూతములయందు హితబుద్ధి మొదలైన గుణములను ఆచార్యుడు వెదకవలెనని చెప్పినాడే గాని, ఇంటర్మీడియట్టులో ఏ గ్రూపు అని అడుగలేదు. ఆ ప్రశ్న మన కాలము వారిది.

ఇట్లు వచ్చినవారిలో ఒకని సంగతి కొంచెము వివరముగా చెప్పెదను. పేరు, ఊరు చెప్పను. దివిసీమవాడని తెలిసిన చాలును. అతని తండ్రికి ఎరువులు, విత్తనములు, పురుగుమందుల దుకాణము కలదు. కుర్రవాడు బి.కాం. పూర్తిచేసి దుకాణమున అరువు ఖాతాలు చూచుచుండెను. మా ప్రాంతమున రైతు సార్వాలో తీసుకొనిన మందుల బాకీ ధాన్యము అమ్మిన తరువాత తీర్చును. కావున ఖాతా శుభ్రముగా వ్రాయగలవాడు ఇంట నుండుట ఆ వ్యాపారమునకు ప్రాణము వంటిది.

2021 సార్వా కాలమున ఒక మధ్యాహ్నము ఒక కూలీని మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చుండబెట్టి ఆ దుకాణమునకు తెచ్చినారు. వరిచేలో మందు పిచికారి చేయుచు కూలిపోయినాడు. మూతికి గుడ్డ లేదు, చేతికి తొడుగు లేదు. మందు అక్కడ కొన్నదే గనుక అక్కడికే తెచ్చినారు. జనుల తర్కము ఆ విధముగా నడచును. నోటి నుండి చొంగ, ఒళ్ళంతయు చెమట, కంటిపాప సూదిమొనంత. ఒకరు మజ్జిగ తెచ్చినారు, మరొకరు చింతపండు రసము తెచ్చినారు. కుర్రవాడు వారిని ఆపి, 108 వాహనమునకు ఫోను చేసి, వాహనము వచ్చులోపల ఖాళీ డబ్బా మీది చిన్న అక్షరములు చదివినాడు. దాని మీద విరుగుడు మందు పేరు అచ్చువేసి ఉన్నది. ఆ డబ్బాను రోగితో పాటు ఆసుపత్రికి పంపినాడు. పది రోజులకు ఆ కూలీ నడచి ఇంటికి వచ్చినాడు.

ఇక్కడ కొంచెము ఆగి పాఠకులకు ఒక మాట చెప్పవలసి యున్నది. పొలము గల ఇండ్లలోను, పెరటి తోట గల ఇండ్లలోను ఇది అవసరము. పురుగుమందు డబ్బా మీద రంగు త్రికోణము ఉండును. ఎరుపు అత్యంత విషము, పసుపు అధిక విషము, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము. మందు సోకి చెమటలు, చొంగ, కన్నీరు, వాంతి, కండరములు అదరుట, ఊపిరి ఆడకుండుట కనబడిన యెడల రోగిని వెంటనే గాలి తగులు చోటికి చేర్చి, తడిసిన బట్టలు తీసివేసి, ఒంటిని సబ్బునీటితో కడుగవలెను. కడుగువారు చేతులకు తొడుగులు వేసికొనవలెను. రోగిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. బలవంతముగా వాంతి చేయించరాదు. మజ్జిగ గాని, నూనె గాని, నిమ్మరసము గాని నోట పోయరాదు; స్మృతి తప్పినవానికి అది ఊపిరితిత్తులలోకి పోవును. డబ్బాను వెంట తీసికొని ఆసుపత్రికి పోవలెను. నేను ఆయుర్వేదవైద్యుడనై యుండియు ఈ మాట చెప్పుచున్నాను: ఇది గృహవైద్యమునకు తావు లేని చోటు.

ఆ కుర్రవాడు నెల తరువాత నా యొద్దకు వచ్చినాడు. వైద్యము చదువుదునని అప్పుడు అనలేదు. "ఆ డబ్బా మీద ఎట్రోపిన్ అని ఉందండి. అది ఉమ్మెత్తలో కూడా ఉంటుందట, నిజమేనా?" అని అడిగినాడు. నిజమే. ఎట్రోపిన్ బెల్లడోనా మొక్క నుండి తీసినది. ఉమ్మెత్త ఆ కుటుంబములోనిదే, అందును ఆ పదార్థము ఉన్నది. మన గ్రంథములు ఉమ్మెత్తను ఉపవిషములలో చేర్చి, శుద్ధి చేయనిదే వాడరాదని శాసించినవి. మోతాదు తెలిసిన ఆసుపత్రి వైద్యుని చేతిలో విరుగుడైనది, ఇంట నూరి త్రాగినవానికి మృత్యువగును. ఆయుర్వేదము ఎనిమిది అంగములలో అగదతంత్రమని ఒక అంగమే విషములకు కేటాయింపబడినదని చెప్పితిని. అతడు చాలసేపు ఊరకుండి, "ఆ రైతు ఖాతా నేనే రాశానండి. డబ్బా ధర రాశాను, బాకీ రాశాను. డబ్బాలో ఏముందో ఒక్కనాడూ చదవలేదు" అన్నాడు.

తరువాత వారమునకు తండ్రి వచ్చినాడు. కోపముతో రాలేదు, లెక్కతో వచ్చినాడు. ఆ లెక్క కొడుకే వ్రాసి ఇచ్చినాడట! సైన్సు పాఠ్యాంశములు మొదటి నుండి చదువుటకు, ప్రవేశపరీక్షకు కలిపి మూడేండ్లు. తరువాత బి.ఏ.ఎం.ఎస్. చదువు నాలుగున్నర ఏండ్లు, శిక్షణ ఒక ఏడాది. కుర్రవానికి అప్పటికి ఇరువది మూడు. చదువు పూర్తియగు నాటికి ముప్పది దాటును. ఆ కాలమంతయు సంపాదన లేదు. దుకాణమున గుమాస్తాను పెట్టుకొనవలెను. చెల్లెలి వివాహము ఉన్నది. "ఇందులో లాభం ఎక్కడుందో మీరు చూపించండి వైద్యులుగారూ" అని కాగితము నా ముందు పెట్టినాడు.

నేను చూపలేదు. రూపాయల లెక్కలో అది నష్టమేయని ఒప్పుకొంటిని. ఆ మాటను దాచి తల్లిదండ్రులను ఒప్పించువారిని నేను హర్షింపను. నియమముల విషయమున మాత్రము కొన్ని సందేహములు తీర్చితిని. అవి ఇతరులకును పనికివచ్చును.

బి.కాం. పట్టము ఎంత మంచి మార్కులతో వచ్చినదైనను వైద్యవిద్యకు అర్హత కాదు. ఎం.బి.బి.ఎస్. కైనను, బి.ఏ.ఎం.ఎస్. కైనను ఇంటర్మీడియట్ స్థాయిలో భౌతిక, రసాయన, జీవ శాస్త్రములు ఉత్తీర్ణులై, నీట్ పరీక్ష వ్రాయవలెను. ఒకప్పుడు ఉన్న గరిష్ఠ వయోపరిమితిని 2022లో తొలగించినారు. ఇంటర్ తరువాత ఈ శాస్త్రములను అదనపు పాఠ్యాంశములుగా చదివి ఉత్తీర్ణులైన వారిని కూడ జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో అంగీకరించినది. అయినను ఈ నియమములు మారుచుండును గనుక, ఏ బోర్డు ద్వారా వ్రాసినది చెల్లునో ఆ ఏటి సమాచార పత్రములో చదివిన తరువాతనే రుసుము కట్టవలెను. శిక్షణ కేంద్రము వారి నోటిమాట చాలదు. నీట్‌లో 720 మార్కులకు 360 జీవశాస్త్రమునకే. కావున లెక్కలు వచ్చిన కామర్సు విద్యార్థి భౌతికశాస్త్రమును చూచి కంగారుపడి జీవశాస్త్రమును అశ్రద్ధ చేయుట తెలివితక్కువ. మరియొక సంగతి. నా వలె గురుకులమున చదివి వైద్యము చేయుదుననుటకు నేడు వీలు లేదు. 2020 నాటి చట్టము ప్రకారము గుర్తింపు పొందిన పట్టము ఉండవలెను. గురుముఖముగా నేర్వగోరువారు పట్టము పొందిన తరువాత నేర్వవచ్చును. 1988లో ఢిల్లీలో ఏర్పడిన రాష్ట్రీయ ఆయుర్వేద విద్యాపీఠము ఆ మార్గమును నడుపుచున్నది.

ఇక వయస్సు మాట. డి.ఎస్.సి. శిక్షణకు మా అవనిగడ్డ ప్రసిద్ధి. ముప్పది ఏండ్లు దాటినవారు, బిడ్డల తల్లులు, ఊరు కాని ఊరు వచ్చి గది అద్దెకు తీసికొని రాత్రి పొద్దుపోవువరకు చదువుట ఇక్కడ వీధి వీధిన చూడవచ్చును. ఈ ఊరిలో ఉండి ఇరువది మూడేండ్లకు చదువు మొదలుపెట్టుట ఆలస్యమనుట నాకు వింతగా తోచినది.

తండ్రికి నేను నియమముల కంటె మన ప్రాంతపు చరిత్రయే ఎక్కువ చెప్పితిని. వర్తకమునకు వైద్యమునకు నడుమ గోడ ఉన్నదని ఆయన తలంపు. మచిలీపట్టణము చరిత్ర తెలిసినవాడు అట్లు తలంపడు.

వైద్యరత్న పండిత దీవి గోపాలాచార్యులవారు మచిలీపట్టణమున జన్మించినవారు. ఆయన మదరాసున ఆయుర్వేదవిద్యకు నూతన ప్రతిష్ఠ తెచ్చినారు. ఆయన పనిచేసిన వైద్యశాలను, ఆయుర్వేద పాఠశాలను నడిపినది శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానము. అది ఆర్యవైశ్య వర్తకుల ధర్మసంస్థ. గిడ్డంగులలోను, బట్టల అంగళ్ళలోను సంపాదించిన రూపాయ ఆయుర్వేద పాఠశాలను పోషించినది. ఆ గోపాలాచార్యుల వద్ద ఆయుర్వేదము నేర్చినవారు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు. ఆయన అప్పటికే పాశ్చాత్యవైద్యమున ఎం.బి.సి.ఎం. పట్టము పొందినవారు, పట్టము చేతనుంచుకొని మరల శిష్యుడై కూర్చున్నారు. చదువు మధ్యలో దారి మార్చుట అవమానమని భావించువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

లక్ష్మీపతిగారి వద్దకు ఒక యువకుడు రోగియై వచ్చినాడు. అతడే యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరమున పుట్టినాడు. ఇంట దారిద్ర్యము. పదమూడేండ్ల ప్రాయమున, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పారిపోయినాడు. తల్లి పట్టి తెప్పించి మరల బడిలో వేసినది. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నమున గట్టెక్కినాడు. మదరాసులో ఇంటర్ చదువునప్పుడు గణితమున దిట్ట. మనస్సు మాత్రము సన్న్యాసము మీద. రామకృష్ణ మిషన్ వారు, వైద్యము చదివి సేవ చేయుమని సలహా ఇచ్చినారు. ఆ విధముగా పండ్ల వ్యాపారము, గణితము, సన్న్యాసము అను మూడు దారులు తిరిగి అతడు వైద్యకళాశాల చేరినాడు. అన్నదమ్ములిద్దరిని రోజుల తేడాలో స్ప్రూ అను వ్యాధి పొట్టనబెట్టుకొన్నది. మనము గ్రహణియని చెప్పుకొను దానికి దగ్గరి రోగము. అతనికిని సోకినప్పుడు నయము చేసినది లక్ష్మీపతిగారి ఆయుర్వేదము. ఖద్దరు ధరించుట ఆంగ్లేయ ఆచార్యునికి నచ్చక, ఎం.బి.బి.ఎస్. కు బదులు చిన్న పట్టమైన ఎల్.ఎం.ఎస్. చేత పెట్టినారు. ఉద్యోగము దొరకక, లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రము బోధించినాడు. 1923 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరము చేరినాడు.

తరువాతి కథ చాలమందికి తెలిసినదే. నేను తండ్రికి నొక్కి చెప్పినది ఒక్క అంశము. ఆయన పేరు తొలుత ప్రపంచమునకు తెలిసినది కొత్త మందు కనుగొని కాదు, కొలిచి! రక్తములో, మూత్రములో భాస్వరము ఎంత ఉన్నదో రంగు ద్వారా కొలుచు పద్ధతిని ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించినాడు. ఆ కొలతను పట్టుకొనియే కండరముల శక్తికి మూలమైన పదార్థముల వద్దకు చేరినారు. దరిమిలా ఆయన నాయకత్వమున లెడర్లీ సంస్థ పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లమును సంశ్లేషించినారు. అన్నదమ్ములను మ్రింగిన స్ప్రూ వ్యాధికి అది పనిచేసినది. నేడు మన ఇండ్లలో ప్రతి గర్భిణి మ్రింగు మాత్ర అదియే. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాన్, అనగా ప్రభుత్వము వారు ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్ర, 1947లో ఆయన బృందము వెలువరించినది. బోదకాలు అన్న మాట కోస్తా డెల్టా జనులకు వివరింపనక్కర లేదు.

అదే 1923 సంవత్సరము, సుబ్బారావు బోస్టనులో దిగిన మరుసటి నెలలో, మచిలీపట్టణమున ఎదురు దిక్కు ప్రయాణము ఒకటి జరిగినది. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మదరాసు వైద్యకళాశాలలో ఎం.బి.సి.ఎం. చదివి బందరులో వైద్యము చేసినవారు. దేశసేవకై వైద్యవృత్తి విడిచిన ఆయన ఆ నవంబరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించినారు. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమగువరకు తొంబదియారు ఏండ్లు నడచినది. "స్టెతస్కోపు పట్టిన చేయి బ్యాంకు పెట్టినప్పుడు ఎవ్వరును వింతపడలేదు. చిట్టా వ్రాసిన చేయి నాడి పట్టిన వింత ఏమి?" అని నేను అడిగితిని. తండ్రి నవ్వలేదు గాని కాగితము మడిచి జేబులో పెట్టుకొన్నాడు. ఆనాటికి అది చాలుననుకొంటిని.

కుర్రవానికి మాత్రము నేను పరీక్ష పెట్టితిని. మా గురువుగారు నాకు పెట్టినదే. గురుకులమున మొదటి ఏడాది నాకు శ్లోకముల కంటె త్రాసుతోనే ఎక్కువ పని. కర్షము పండ్రెండు గ్రాములు, పలము నలుబది యెనిమిది గ్రాములు అని నేటి లెక్క. ఒక పలము ద్రవ్యమునకు పదునారు రెట్లు నీరు, అనగా 768 మిల్లీలీటర్లు పోసి, ఎనిమిదవ వంతు, అనగా 96 మిల్లీలీటర్లు మిగులునట్లు కాచిన అది కషాయము. తైలమునకు కల్కము ఒక వంతు, నూనె నాలుగు, ద్రవము పదునారు. ఈ లెక్కలు కుర్రవానికి ఒక్క పూటలో వచ్చినవి. బి.పి.సి. చదివి వచ్చినవారికి నెల పట్టుట నేను చూచినాను. ఇండ్లలో కషాయము పెట్టు గృహిణులును ఈ లెక్కను గమనింపవలెను. గుప్పెడు దినుసు, చెంబెడు నీరు వేసి రంగు వచ్చినదని దింపినది కషాయము కాదు, రంగునీరు.

రెండవది మూలికల అంగడి. పునర్నవ తెమ్మని పంపితిని. మా కాలువ గట్ల మీద అటికమామిడి, తెల్లగలిజేరు ప్రక్కప్రక్కనే ప్రాకును. అంగడిలో రెంటిని పునర్నవయనియే అమ్ముదురు. మా గ్రంథసంప్రదాయమున పునర్నవ అటికమామిడి. కుర్రవాడు మూడు అంగళ్ళు తిరిగి మూడు పొట్లములు తెచ్చి, ఏది ఎక్కడిదో, ధర ఎంతో, ఎవరు ఎక్కడ నుండి తెప్పించినారో వ్రాసి చూపినాడు. మూడింట రెండు కలగలుపు సరకు. అశోకపట్ట పేరున నరమామిడి పట్టయు, మిరియములలో బొప్పాయి గింజలును కలియుట పాత మోసములే. సరకు గుట్టు వ్యాపారి కొడుకునకు తెలిసినంత పండితుని కొడుకునకు తెలియదు. చరకుడు వైద్యునకు చెప్పిన గుణములలో శాస్త్రజ్ఞానముతో పాటు పలుమార్లు కన్నులార చూచిన అనుభవము, చేతి నేర్పు, శుచిత్వము ఉన్నవి. వీటిలో రెంటికి అంగడి మంచి పాఠశాలయని నా నమ్మకము.

ఇక అతడు విడువవలసినవి. అతడు రోగుల పక్కన కూర్చున్న మొదటి దినములలో అడిగిన ప్రశ్న, "ఈ మందు నూటికి ఎందరికి తగ్గిస్తుందండి?" అని. ప్రశ్న మంచిదే, పరిశోధనకు అవసరమే. కాని ఎదుట కూర్చున్న ముసలమ్మకు నూటిలో తన వంతు అక్కరలేదు; ఆమె ప్రకృతి, అగ్ని, వయస్సు, ఆమె తిను అన్నము చూడవలెను. ఇది అతనికి చాలనాళ్ళు మింగుడుపడలేదు. రెండవది, అతడు వ్రాసిన పుస్తకములో ఉన్నది. నామాపద్దు అలవాటు చేత ఎడమ పుటలో రోగికి ఇచ్చినది, కుడి పుటలో వచ్చిన గుణము వ్రాసెడివాడు. చక్కని పద్ధతి; నేను కూడ కొంత అనుసరించుచున్నాను. కాని మరల రాని రోగి ఎదుట అతడు 'చెల్లు' అని వ్రాసెడివాడు. బాకీ తీరినదని అర్థము. "నాయనా, రాని రోగికి నయమైనదని నీకెవరు చెప్పినారు? వేరొక వైద్యుని వద్దకు పోయి ఉండవచ్చును, బస్సు ఛార్జి లేక ఉండవచ్చును, బ్రతికి లేకపోవచ్చును" అంటిని. మరుసటి ఆదివారము అతడు పుస్తకము పట్టుకొని నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ళు తిరిగినాడు. పదునొకండుగురిలో నలుగురికి నయమైనది, ఐదుగురు మందు చేదని మానివేసినారు, ఒకరు మచిలీపట్టణము ఆసుపత్రిలో ఉన్నారు, ఒకరి ఆచూకి తెలియలేదు. 'చెల్లు' అన్న మాట ఆ పుస్తకములో మరల కనబడలేదు. ఆ నాటి రాత్రి నేను అతని తండ్రికి ఫోను చేసి, చదివించండి అని చెప్పితిని.

చదువు సులభముగా సాగలేదు. 2023లో నీట్ వ్రాసి సీటు రాక తిరిగి వచ్చినాడు. ఆ ఏడాది రాత్రి రెండు గంటల వరకు మేలుకొని, టీ త్రాగి, తలనొప్పితో, మలబద్ధముతో నా వద్దకు వచ్చి జ్ఞాపకశక్తికి మందు అడిగినాడు. పరీక్షార్థులు గల ఇండ్లన్నిటిలో ఉన్న కోరికయే గనుక నేను అతనికి చెప్పినది వ్రాసెదను. చరకుడు సరస్వతి ఆకు రసము, పాలతో యష్టిమధుక చూర్ణము, తిప్పతీగ రసము, శంఖపుష్పి కల్కము అను నాలుగింటిని మేధ్యములుగా చెప్పినాడు. వాటిని వైద్యుని అడుగక, సీసాల మీది ప్రకటనలు చూచి కొని త్రాగరాదు. పైగా నిద్ర మాని మేధ్యము త్రాగుట, తూము తెరచి ఉంచి చెరువు నింపుట వంటిది. రాత్రి పదింటికి పరుండి తెల్లవారుజామున లేచుట, వారమునకు రెండు మార్లు తలకు నువ్వులనూనె పెట్టి స్నానము, పగటి అన్నములో చెంచాడు నెయ్యి, చివర పలుచని మజ్జిగ, రాత్రి తేలికపాటి ఆహారము, గంటకొకమారు పుస్తకము నుండి కన్నులెత్తి దూరముగా చూచుట. ఇంతే అతనికి ఇచ్చిన మందు. మలబద్ధమునకు మాత్రము పదిహేను దినములు రాత్రివేళ గోరువెచ్చని నీటితో త్రిఫల చూర్ణము ఇచ్చితిని. తలనొప్పి మూడు వారములలో తగ్గినది.

2024లో అతనికి బి.ఏ.ఎం.ఎస్. సీటు వచ్చినది. తరగతిలో తోటివారికంటె ఏడెనిమిది ఏండ్లు పెద్ద. "అన్నయ్యా" అని పిలిచి, మెస్సు లెక్కలన్నియు అతనికే అప్పగించినారట. సంస్కృతము కష్టముగా ఉన్నదని వ్రాసినాడు, ఉండును. రెండవ వృత్తి పాఠ్యక్రమమున అగదతంత్రము ఉన్నది. అందులకై అతడు ఎదురుచూచుట నాకు తెలుసు. చెల్లెలు డిగ్రీ చదువుచు దుకాణపు ఖాతాలు చూచుచున్నది. ఆమె వ్రాత అన్నగారి వ్రాతకంటె శుభ్రముగా ఉన్నదని తండ్రి నా వద్ద చెప్పుకొని మురిసినాడు.

మొన్న నేను పెరటి కొబ్బరిచెట్లకు ఎరువు కొరకు ఆ దుకాణమునకు పోయితిని. నా ముందున్న రైతుకు ఆమె పురుగుమందు బిల్లు వ్రాయుచుండెను. బిల్లు అడుగున ఎర్రసిరాతో త్రికోణపు రంగు, విరుగుడు మందు పేరు, 108 అంకె వ్రాసి, అతనికి చదివి వినిపించి, బల్ల సొరుగు నుండి ఒక జత చేతి తొడుగులు తీసి ఇచ్చినది. తొడుగుల ధర బిల్లులో వేయలేదు.